వడ్డీ మీద వాయించే వయొలిన్

బెజవాడ ఆటోనగర్‌లో ఆర్కెస్ట్రా అంటే వయొలిన్లు బారులు తీరిన సింఫనీ కాదు. చవితి పందిట్లో రెండు కీబోర్డులు, ఓ రిథమ్ ప్యాడ్, ఒక ఆడగొంతు, ఒక మగగొంతు, వెనక జనరేటర్ మోత. పగలంతా లారీ బాడీలకు రేకులు కొట్టి, కమాను కట్టలు మార్చిన కుర్రాళ్లు రాత్రికి ముందు వరసలో చేరతారు. షెడ్డుకింతని చందా రాస్తారు. పందిరికీ లైటింగుకీ ప్రసాదానికీ పోను మిగిలింది పాటగాళ్లకు. తెల్లారితే ఆ డబ్బూ ఉండదు, ఆ పాటా ఉండదు.

ఇచ్చే చేతులకు కరువు లేదు. తిరుమల నిత్యాన్నదానానికి ఈ షెడ్డుల వాళ్లే కడతారు. 1985లో మొదలైన ఆ పథకంలో దాతల సొమ్ము బ్యాంకులోనే ఉంటుంది, విస్తరి వేసేది వడ్డీతో. అసలు ముట్టకుండా వడ్డీ తినడం మనకెవరూ అమెరికా నుంచి తెచ్చి నేర్పలేదు. ద్రాక్షారామం శాసనాల్లో అఖండదీపానికి గొర్రెలనిచ్చిన దాతలు కనిపిస్తారు. కాపరి రోజూ నెయ్యి కొలిచి పోయాలి, మంద మాత్రం తరగకూడదు. తమిళ శాసనాలు ఇలాంటి వాటిని చావని, ముసలికాని గొర్రెలన్నాయి. శాశ్వత నిధిని ఇంత ముచ్చటగా చెప్పిన ఆడిటర్ని నేను చూడలేదు! గుడి సన్నాయి మేళానికీ మాన్యాలుండేవి. ఆ భూములు ఏమయ్యాయన్నది వేరే కథ.

మాన్యాల తర్వాత బెజవాడ వాద్యగాడికి నెల జీతం చూపించింది రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. అన్నవరపు రామస్వామి గారు ఆ ఏడాది నుంచి 1986 దాకా అక్కడే వయొలిన్ వాయించారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క కొలువు ఒక విద్వాంసుణ్ణి ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లోనే నిలబెట్టింది. ఆ కొలువుల కాలం దాటిపోయింది.

మరి ముప్పైమంది వాద్యబృందాన్ని ఊరే పోషించాలంటే? మనిషికి నెలకు 25 వేలనుకున్నా ఏడాదికి 90 లక్షలు. బ్యాంకు ఏడు శాతం ఇచ్చినా ధరల పెరుగుదలకు మూడు వదిలేసి నాలుగే వాడాలి. అంటే 22.5 కోట్ల నిధి కావాలి. కంపెనీల సామాజిక బాధ్యత సొమ్ము ఉందిగా అంటారు. 2021 జనవరి నుంచి శాశ్వత నిధికిచ్చే విరాళం ఆ ఖాతాలో చెల్లదు. కచేరీకి ఇవ్వొచ్చు గానీ, కచేరీ చేసేవాడి రేపటికి దాచడానికి వీల్లేదట. ఈ నిబంధన రాసినవాళ్లు అఖండదీపం చూసి ఉండరు.

నిధి ఉన్నంత మాత్రాన నిశ్చింత ఉండదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా 2011 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసేనాటికి దాని దగ్గర సుమారు 14 కోట్ల డాలర్ల నిధి ఉంది. చాలామటుకు దాతలు షరతులు పెట్టి ఇచ్చింది కాబట్టి అవసరానికి అందిరాలేదు. మన దాతలూ దేవుడి వెండి తొడుగు మీద పేరు చెక్కించుకోవడానికి ముందుకొస్తారు, మృదంగం వాయించేవాడి జీతమంటే వెనకాడతారు.

ఆ దేశంలోనే ఇంకో పద్ధతి ఉంది. బృందం మొత్తాన్నీ ఎత్తుకోకుండా ఒక్క వాద్యగాడి కుర్చీకి నిధి కట్టి, ఆ కుర్చీకి దాత పేరు పెడతారు. మన లెక్కలో ఒక కుర్చీ 75 లక్షలు. ఆటోనగర్ భాషలో, బాడీ కట్టించి రోడ్డెక్కించిన పది టైర్ల లారీలు ఇంచుమించు రెండు.