జన్యుక్రమం తెలియని యాంటీబాడీకి ప్రజాధనం ఎందుకు?

పెద్దపేగు క్యాన్సర్ అని తేలాక కణితి ముక్కకు పెద్దాసుపత్రుల్లో ఇప్పుడు ఇంకో పరీక్ష చేస్తున్నారు. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రొటీన్లు ఆ కణాల్లో ఉన్నాయో లేవో చూసే పరీక్ష అది. కణం తన డీఎన్ఏకి నకలు తీసుకునేటప్పుడు దొర్లే తప్పులను దిద్దే ప్రొటీన్లివి. వీటిలో ఏదైనా కనిపించకపోతే జబ్బు వంశపారంపర్యమేమోనని రోగి పిల్లల గురించీ తోబుట్టువుల గురించీ ఆలోచించాలి. చికిత్స కూడా మారవచ్చు. ఈ లోపం ఉన్న ముదిరిన కణితులకు, అవి ఏ అవయవంలో పుట్టినా సరే, పెంబ్రోలిజుమాబ్ అనే మందు వాడేందుకు అమెరికా ఎఫ్‌డీఏ 2017లో అనుమతించింది. గోపాల్‌పేట నుంచి వనపర్తికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు వెళ్లే రోగికైనా ఈ ప్రొటీన్ల జాడ చెప్పేది యాంటీబాడీలే, అంటే ఒక్కో ప్రొటీన్‌ను గుర్తించి అతుక్కునే అణువులే. ఆస్పత్రి పరీక్షల్లో వాడేవాటి మీద కొంత తనిఖీ ఉంది. ఆ పరీక్షలకు పునాది వేసే పరిశోధనల్లో వాడేవాటి మీద ఆ మాత్రం నిఘా కూడా లేదు. ప్రజాధనంతో సాగే పరిశోధన, కనీసం డీఎన్ఏ మరమ్మతుకు సంబంధించినదైనా, జన్యుక్రమం వెల్లడైన రీకాంబినెంట్ మోనోక్లోనల్ యాంటీబాడీలతోనే జరగాలి. మోనోక్లోనల్ అంటే ఒకే కణం సంతతి నుంచి వచ్చే ఒకే రకం యాంటీబాడీ; దాని జన్యుక్రమాన్ని వేరే కణాల్లో పెట్టి చేయిస్తే అది రీకాంబినెంట్.

మోనోక్లోనల్ యాంటీబాడీల చరిత్రలో ఒక తెలుగువాడి కృషి కూడా ఉంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు యాంటీబాడీ చేసే ఎలుక కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి హైబ్రిడోమా సృష్టించారు. కలవకుండా మిగిలిన క్యాన్సర్ కణాలను ఏరివేసే పోషక ద్రావణంలో కీలకమైన మందు అమైనోప్టెరిన్. దాన్ని తయారుచేసింది లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందమే. అయితే హైబ్రిడోమా బతికున్న కణం. అది చచ్చిపోవచ్చు, జన్యువులను పోగొట్టుకోవచ్చు, అక్కర్లేని యాంటీబాడీ గొలుసులనూ తయారుచేయవచ్చు. 2018లో 185 హైబ్రిడోమాలను పరిశీలిస్తే దాదాపు మూడో వంతు వాటిలో అదనపు గొలుసులు బయటపడ్డాయి. గద్వాల పత్తి విత్తన రైతుకు తెలుసు, సంచి మీద రకం పేరు ఉన్నంత మాత్రాన లోపలి గింజ ఆ రకమే కానక్కర్లేదని. యాంటీబాడీ సీసాదీ అదే పరిస్థితి. కెనడా కేంద్రంగా పనిచేసే వైకారోస్ బృందం 65 ప్రొటీన్లకు అమ్ముతున్న 614 యాంటీబాడీలను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించింది. అసలు లక్ష్యాన్నే గుర్తించని యాంటీబాడీతో తీసిన ఫలితాలున్న పరిశోధన పత్రాలు ఒక్కో ప్రొటీన్‌కు సగటున 12 దాకా తేలాయి. మూడు రకాల పరీక్షల్లోనూ రీకాంబినెంట్‌లే మెరుగ్గా నిలిచాయి.

డీఎన్ఏ మరమ్మతు రంగంలో ఈ బెడద మరీ ఎక్కువ. డీఎన్ఏ రెండు పోగులూ తెగిన చోట హెచ్2ఏఎక్స్ అనే ప్రొటీన్ మీద, 139వ స్థానంలోని సెరీన్‌కు ఒక ఫాస్ఫేట్ చేరుతుంది. ఆ ఫాస్ఫేట్ ఉన్న రూపాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీతో మెరిసే చుక్కలు లెక్కపెట్టి, రేడియేషన్‌కో మందుకో డీఎన్ఏ ఎన్ని చోట్ల తెగిందో అంచనా వేస్తారు. ఒక విడత సరుకుకూ మరో విడతకూ తేడా వస్తే ఆ లెక్కే తారుమారవుతుంది. తెగిన చోటికి బీఆర్‌సీఏ2 అనే ప్రొటీన్ చేర్చే రాడ్51 అనే మరమ్మతు ప్రొటీన్ సంగతి ఇంకా చిక్కు. దానికి రాడ్51బీ, రాడ్51సీ, రాడ్51డీ వంటి దాయాదులున్నాయి. యాంటీబాడీ అసలుదాన్ని వదిలి దాయాదిని పట్టుకుంటే, మరమ్మతు జరగని కణంలోనూ జరిగినట్టు కనిపించవచ్చు.

రీకాంబినెంట్ అయినంత మాత్రాన యాంటీబాడీ మంచిదైపోదని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. నిజమే. తప్పు ప్రొటీన్‌కు అతుక్కునేదాని జన్యుక్రమం రాసిపెట్టుకుంటే ఆ తప్పే మళ్లీ మళ్లీ నమ్మకంగా తయారవుతుంది. అందుకే జన్యుక్రమంతో పాటు రుజువూ కావాలి. సంబంధిత జన్యువును తీసేసిన కణంలో ఆ యాంటీబాడీ సంకేతం మాయం కావాలి. రాడ్51 లేకుండా కణమే బతకదు కనుక, అలాంటి చోట ఆ ప్రొటీన్‌ను తాత్కాలికంగా తగ్గించి చూడాలి. దశాబ్దాలుగా నమ్మిన పాత హైబ్రిడోమా క్లోన్లను వదులుకోవడమెలా అన్నది మరో అభ్యంతరం. వదులుకోనక్కర్లేదు. ఆ హైబ్రిడోమా బతికుండగానే దాని యాంటీబాడీ జన్యువులను చదివి భద్రపరిస్తే, అదే యాంటీబాడీని ఎప్పుడైనా మళ్లీ చేయించుకోవచ్చు. ఇక ధర. చిన్న విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలకు ఇది నిజంగానే భారం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ పనికిరాని సీసాతో పరిశోధక విద్యార్థి ఏళ్ల తరబడి చేసిన పని వృథా కావడం అంతకన్నా పెద్ద ఖర్చు.

పైగా ఆ భారాన్ని తగ్గించే సామర్థ్యం హైదరాబాద్‌లోనే ఉంది. డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్ అనే మందుకు బయోసిమిలర్‌గా, అంటే దాన్ని పోలిన మందుగా, రెడిటక్స్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అదీ రీకాంబినెంట్ మోనోక్లోనల్ యాంటీబాడీయే. మందు స్థాయిలో చేయగలిగిన నగరానికి, పరిశోధనకు చాలే మిల్లీగ్రాములు చేయడం అసాధ్యం కాదు. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి ఇక్కడి పరిశోధన సంస్థలు కలిసి, రాడ్51, బీఆర్‌సీఏ2, ఎంఎస్‌హెచ్2 వంటి కొన్ని ప్రొటీన్లతో మొదలుపెట్టి, పరీక్షించిన యాంటీబాడీల జన్యుక్రమాలను అందరికీ తెరిచి, ఆ జన్యువులను మోసే డీఎన్ఏ ప్లాస్మిడ్‌లను స్వల్ప రుసుముకు పంచాలి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తన పరిశోధన నిధులకు రెండు షరతులు చేర్చాలి. ఒకటి, వాడే ప్రతి యాంటీబాడీ జన్యుక్రమం వెల్లడి కావాలి. రెండు, లక్ష్య ప్రొటీన్ లేని లేదా తగ్గించిన కణంలో దాన్ని పరీక్షించిన ఫలితాన్ని పత్రంతో పాటే ప్రచురించాలి. తగిన రీకాంబినెంట్ ఇంకా దొరకని ప్రొటీన్లకు గడువు ఇవ్వవచ్చు. రెండో షరతుకు మాత్రం మినహాయింపు ఉండకూడదు.