గడివేముల ఎండకు నిలిచిన మొక్క

ఇంటి పంచలో నాలుగు కుండీలు పెట్టి, వాటి పిలకలు అమ్ముకొని, నెలనెలా చేతిఖర్చులకు డబ్బు సంపాదించవచ్చన్న సలహా ఈమధ్య ఫోన్ వీడియోల పుణ్యమా అని మండల కేంద్రాల దాకా చేరింది. ఆ సలహా ఇచ్చేవారు మొక్కల పేర్లు చెబుతారు, లాభాల అంకెలు చెబుతారు, ఏ ఊరి ఎండలో, ఏ ఊరి నీటితో పెంచాలన్నది మాత్రం చెప్పరు. నంద్యాల జిల్లా గడివేముల వంటి చోట ఈ వ్యాపారం నడుస్తుందా అంటే నడుస్తుందనే చెప్పాలి. అయితే బయటినుంచి తెచ్చి మారుబేరం చేసేవారికంటే, ఇక్కడి వేసవిని ఒకసారి దాటిన తల్లిమొక్కను పెట్టుకొని దాని పిలకలను ఇక్కడే పెంచి అమ్మేవారికే అందులో మిగులు ఉంటుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

తెలుగునాట కుండీ మొక్క ఏ ఊళ్లో కొన్నా దాని పుట్టిల్లు చాలామటుకు తూర్పు గోదావరి జిల్లా కడియం మండలమే. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, వీరవరం గ్రామాల్లో ఇళ్ల వెనక తోటలుగా మొదలైన పెంపకం, పల్ల వెంకన్న వంటి నర్సరీ రైతుల చొరవతో దేశమంతటికీ మొక్కలు పంపే పరిశ్రమగా ఎదిగింది. గోదావరి ఒండ్రుమట్టి, కొద్దిలోతులోనే దొరికే నీరు, కొబ్బరిచెట్ల నీడ, ఏడాదిలో ఎక్కువ నెలలు ఆరని గాలి తేమ, అంటు కట్టడంలో తరాలుగా చేయి తిరిగిన కూలీలు, ఊరి పక్కనుంచే పోయే జాతీయ రహదారి, ఇన్నీ ఒకేచోట కుదిరిన ప్రాంతం మరొకటి రాష్ట్రంలో లేదు. కడియం మొక్కలతో నిండిన చిన్న వ్యాన్లు తొలకరి తరువాత రాయలసీమ వీధుల్లో మైకు పెట్టుకొని తిరగడం, గులాబీ, మందారం, క్రోటను, అరెకా పామ్ వంటివి బేరమాడి అమ్మడం గడివేముల వాసులు ఎరిగినదే. ధరలోనూ, రకాల సంఖ్యలోనూ కడియంతో పోటీపడాలనుకొనే చిన్న అమ్మకందారు మొదటి వానాకాలంలోనే చేతులెత్తేస్తాడు.

పోటీకి తావున్నది మరోచోట, అంటే మొక్క కొన్న తరువాత బతకడంలో. తేమగాలిలో, నీడలో పెరిగిన ఆకు మీద నీటిని ఆపే మైనపు పొర పలచగా ఉంటుంది. ఆకు అడుగున గాలి పీల్చే పత్రరంధ్రాలు ఎక్కువసేపు తెరిచి ఉండడానికి అలవాటుపడి ఉంటాయి. అటువంటి మొక్కను వందల కిలోమీటర్లు వ్యాన్‌లో కుదిపి తెచ్చి, నల్లమలకూ ఎర్రమలకూ నడుమ పరుచుకొన్న కుందూ మైదానపు పొడిగాలిలో నిలబెడితే, వేర్లు అందించగలిగినదానికంటే ఎక్కువ నీరు ఆకుల నుంచి ఆవిరైపోయి, రెండు వారాల్లో ఆకులు రాలిపోతాయి. కొన్నవారు తమ చేతి గుణం మంచిది కాదనుకొంటారు. నిజానికి లోపించినది నర్సరీ పనివారు హార్డెనింగ్ అని పిలిచే దశ, అంటే మొక్కకు నీడనూ నీటినీ విడతలవారీగా తగ్గిస్తూ బయటి వాతావరణానికి అలవాటు చేయడం. దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అన్ని రోజులు ఆగే ఓపిక తిరుగుడు వ్యాపారికి ఉండదు. గడివేముల మండలంలోని గని గ్రామ పరిసరాల్లో 2017లో 1000 మెగావాట్ల సోలార్ పార్కును నెలకొల్పడానికి కారణమైన ఎండే ఫెర్న్ మొక్కకు ప్రాణాంతకం. నంద్యాల పరిసరాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలు తాకడం వింతేమీ కాదు.

ఎండకంటే నిశ్శబ్దంగా మొక్కను చంపేది నీరు. గడివేముల మండలం బిలకలగూడూరులో సిమెంటు కర్మాగారం వెలిసిందంటే అక్కడి నేల కింద సున్నపురాయి ఉన్నందువల్లనే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు రాతి పొరలకు పాణ్యం, నంద్యాల, బనగానపల్లె అని ఈ ఊళ్ల పేర్లే పెట్టారన్నది స్థానికులకు అంతగా తెలియని విశేషం. సున్నపురాతి గుండా ఇంకి బోరులోకి చేరిన నీటిలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. ఆ నీటితో పప్పు త్వరగా ఉడకదని ఇల్లాళ్లకు తెలుసు, అదే నీరు కుండీలో ఏం చేస్తుందో మాత్రం గమనించేవారు తక్కువ. పోసిన నీరు ఆవిరై, కరిగిన సున్నం మిగిలి, మట్టికుండీ వెలుపల తెల్లటి చారగా, మట్టి పైన పెంకుగా కడుతుంది. మట్టి క్షారగుణం పెరిగేకొద్దీ అందులోని ఇనుము వేరుకు అందని రూపంలోకి మారుతుంది, అప్పుడు లేత ఆకు ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల మధ్య భాగం పసుపు రంగుకు తిరుగుతుంది. నూరువరహాలు, గార్డీనియా మొక్కల్లో ఇది మొదట కనబడుతుంది. కలాతియా, స్పైడర్ ప్లాంట్ వంటివాటికి ఆకు చివరలు మాడతాయి. ఇది తెగులనుకొని మందు కొట్టేవారికి డబ్బు దండగ తప్ప మొక్క దక్కదు.

నీటిని శుద్ధిచేసే ఆర్వో యంత్రం బయటికి వదిలే నీటిని వృథా చేయడమెందుకని మొక్కలకు పోసే అలవాటు ఇళ్లలో బాగా పెరిగింది. ఉద్దేశం మంచిదే కానీ, ఆ యంత్రం నీటిలోని లవణాలను వడగట్టి కూడబెట్టి వదిలేది ఆ గొట్టంలోంచే, కనుక అది అసలు బోరు నీటికంటే హానికరం. ఏసీ నుంచి కారే నీరు అందుకు పూర్తిగా భిన్నమైనది, అందులో లవణాలు దాదాపు ఉండవు. వాన నీటిని డాబా గొట్టం కింద డ్రమ్ములో పట్టుకోవడం అన్నిటికంటే ఉత్తమం. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించగా 1882లో ప్రభుత్వం కొన్న కర్నూలు-కడప కాలువ, అనగా జనం నోట కేసీ కాలువ, పారే రోజుల్లో ఆయకట్టు గ్రామాలవారికి తుంగభద్ర నీరు చేతికందుతుంది. సున్నపురాతి బోరు నీటికంటే నది నీరు కుండీకి మెత్తన. బోరు తప్ప దిక్కులేని ఇంట నెలకొకసారి కుండీ అడుగు చిల్లుల నుంచి ధారగా కారేంతగా నీరు పోసి, పేరుకొన్న ఉప్పును కడిగెయ్యాలి.

మట్టి సంగతి ఇంత చిక్కుది కాదు. పత్తికీ శనగకూ బంగారం పండించే నల్లరేగడి కుండీకి పనికిరాదు: తడిస్తే ఉబ్బి గాలి ఆడనివ్వదు, ఎండితే కుంచించుకుపోయి కుండీ గోడను వదిలి, ఆ క్రమంలో సన్నని వేర్లను తెంపుతుంది. ఎర్రమట్టిలో చివికిన పశువుల ఎరువు, కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరిపొట్టు కలిపితే చాలు. వరి పండే నంద్యాల ప్రాంతంలో మిల్లుల దగ్గర చవకగా దొరికే ఊకను మగ్గబెట్టి కొబ్బరిపొట్టు స్థానంలో కొంత వాడుకోవచ్చు.

ఇన్ని అడ్డంకులు దాటే మొక్కలు ఏవి? మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, కలబంద, వామాకు, జేడ్ వంటి మొక్కలు, అంటే ఆకులోనో కాండంలోనో దుంపలోనో నీరు దాచుకొనేవి. మనీప్లాంట్ పసిఫిక్ మహాసముద్రంలోని మూరియా ద్వీపం నుంచి, స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికా నుంచి, జీజీ తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చినవి. జీజీ మొక్కను 1990ల నడుమ డచ్చి నర్సరీలు పెద్దయెత్తున పెంచి ప్రపంచ విపణికి ఎక్కించాయి. ఇవి పెంచడం సులువన్నమాట నిజమే అయినా, ప్రతి మొక్కకూ తెలుసుకోవలసిన ఒక గుట్టు ఉంది, ఆ గుట్టు తెలియకపోతే కొన్నవారి నమ్మకం పోతుంది.

స్నేక్ ప్లాంట్‌నే తీసుకొంటే, దాని ఆకును నాలుగంగుళాల ముక్కలుగా కోసి, కోత ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, ఇసుకలో గుచ్చితే నెలా రెండు నెలల్లో వేర్లు, ఆపైన పిలకలు వస్తాయి. ముక్క కింది భాగమే కిందికి ఉండాలి, తలకిందులైతే కుళ్లిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు కింది కొసను ఏటవాలుగా కోసి గుర్తు పెట్టుకొంటారు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆకు అంచున పసుపు పట్టీ ఉండే రకాన్ని ఈ పద్ధతిలో పెంచితే మాత్రం, పుట్టే పిలకకు ఆ పట్టీ ఉండదు, ఒట్టి పచ్చ ఆకులే వస్తాయి. ఒకే మొక్కలో భిన్న జన్యు గుణాలు గల కణపొరలు పక్కపక్కన ఉండడం వల్ల ఆ పట్టీ ఏర్పడుతుంది, కోసిన ఆకు నుంచి కొత్త మొగ్గ పుట్టేటప్పుడు ఆ పొరల అమరిక నిలవదు. పట్టీ కావాలంటే మొక్కను కుండీలోంచి తీసి, అడుగు దుంపను పిలకలతో సహా విడదీయడమొక్కటే దారి. ఒక తల్లిమొక్క ఏడాదికి ఇచ్చే పిలకలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కనుకనే పట్టీ రకానికి ధర ఎక్కువ. పసుపు అంచు ఫొటో చూపి పచ్చ పిలక అంటగట్టిన అమ్మకందారు దగ్గరికి ఎవరూ రెండోసారి రారు.

మనీప్లాంట్‌కు ఈ బాధ లేదు. కణుపు దగ్గర బుడిపెలా ఉన్న గాలివేరు ఒకటి ఉండేలా తీగను కత్తిరిస్తే వానాకాలంలో మూడు వారాల్లో వేరూనుతుంది. దాని చిక్కల్లా వేరే. మనీప్లాంట్ దొంగిలించి తెస్తేనే కలిసివస్తుందన్న నమ్మకం ఇంటింటా ఉన్న సమాజంలో దానిని డబ్బిచ్చి కొనేవారెవరన్నది వ్యాపారి ముందున్న ప్రశ్న! అందుకే ఒంటి తీగ అమ్ముడుపోదు. నాచు చుట్టిన కర్రకు పాకించి కాస్త పెద్దదిగా పెంచినదే బహుమతిగా అమ్ముడవుతుంది.

లెక్కకు వస్తే, ఈ కింది అంకెలు సర్వేలో తేలినవి కావు, లెక్క కట్టే తీరు చూపడానికి వేసుకొన్నవి. కవరు, మట్టి, ఎరువు కలిపి మొక్కకు 12 రూపాయలు పట్టిందనుకొంటే 100 పిలకలకు 1200 రూపాయలవుతుంది. అందులో 30 చచ్చినా, మిగిలిన 70 మొక్కలు 40 రూపాయల చొప్పున అమ్మితే 2800 వస్తుంది, మూడు నెలల శ్రమకు 1600 మిగులు. అదే 60 రూపాయల చొప్పున 100 మొక్కలు కొనితెచ్చి 120కి అమ్మేవారు 6000 రూపాయలు ముందే పెట్టాలి, సగం చస్తే పెట్టుబడి మాత్రమే తిరిగొస్తుంది. మొదటి పద్ధతిలో రాబడి చిన్నది, నష్టం ఇంకా చిన్నది. నెలకు లక్ష అన్న వీడియోల మాట ఈ రెంటిలో దేనికీ అతకదు. న్యూజిలాండ్‌లో 2021లో తెలుపు మచ్చల అరుదైన తీగమొక్క ఒకటి ఆన్‌లైన్ వేలంలో 27 వేల స్థానిక డాలర్లకు పైగా పలికిన మాట నిజమే. కరోనా కాలపు ఇంటి నిర్బంధంలో రేగిన ఆ మోజు, ప్రయోగశాలలో కణజాలం నుంచి మొక్కలను వేలాదిగా పుట్టించే టిష్యూకల్చర్ సరుకు వచ్చేసరికి చల్లారింది. అప్పు చేసి అరుదైన మొక్కలు కొన్నవారికి ఆకులే మిగిలాయి.

ఏడాదంతా అమ్మకం ఉంటుందనుకోవడమూ పొరపాటే. మార్చి నుంచి మే వరకు షేడ్‌నెట్ కింద తల్లిమొక్కలను బతికించుకోవడమే పని. తొలకరికి కత్తిరింపులు నాటితే శ్రావణానికి అమ్మకానికి వస్తాయి, అప్పుడు వరలక్ష్మీ వ్రతాల వాయనాలకు, గృహప్రవేశాలకు చిన్న కుండీలు అడుగుతారు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక అక్కడ కార్యాలయాలూ అద్దె ఇళ్లూ పెరిగాయి. సభల్లో శాలువాకు బదులు మొక్క ఇచ్చే ఆనవాయితీ కూడా స్థిరపడింది. అటువంటి కొనుగోలుదారులకు అమ్మేటప్పుడు నిజం చెప్పడం ముఖ్యం. ఇంటి మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయన్న ప్రచారానికి మూలం 1989లో నాసా చేసిన అధ్యయనం. అది మూసి ఉంచిన చిన్న గదిపెట్టెల్లో చేసినది. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పాత ప్రయోగాలన్నీ తిరగేసి, కిటికీ ద్వారా మామూలుగా జరిగే గాలిమార్పుతో సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు ఉండాలని తేల్చారు. చెప్పవలసింది చెప్పనివారే ఎక్కువ: మనీప్లాంట్, డీఫెన్‌బేకియా ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, పాకే పిల్లలు నమిలితే నోరు, నాలుక వాస్తాయి.

చట్టం విషయం క్లుప్తంగా. ఉద్యాన నర్సరీల నమోదుకు రాష్ట్రంలో 2010 నాటి చట్టం ఉంది, కనుక పెంపకం పెరట్లోంచి వ్యాపారంగా పెరుగుతున్నప్పుడు ఉద్యాన అధికారిని అడిగి నమోదు సంగతి తేల్చుకోవాలి. సజీవ మొక్కలపై జీఎస్టీ లేదు. నర్సరీలో పెంచిన నారు, మొక్కల ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగా పరిగణించాలని 2008 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టానికి వివరణ చేర్చింది. ఈ వెసులుబాటు పెంచినవారికే గాని, కొని అమ్మేవారికి వర్తించదు.

మిగిలిన చిక్కు ఒకటుంది. ఒక ఇంట లాభం వచ్చిందని వీధిలో పది ఇళ్లవారు అదే మనీప్లాంట్ పెంచితే ధర పడిపోతుంది. పొదుపు సంఘాలకు పేరుపడ్డ ఓర్వకల్లు ఈ మండలానికి పొరుగునే ఉంది. సంఘంలో ఇంటికొక రకం చొప్పున పంచుకొని, కలిపి అమ్మే ఏర్పాటు ఇక్కడి మహిళలకు కొత్తగా నేర్పవలసిన పనేమీ కాదు. వారి దగ్గర లేనిది నమ్మదగిన తల్లిమొక్క. మహానందిలోని ఉద్యాన పరిశోధన స్థానం, యాగంటిపల్లెలోని కృషి విజ్ఞాన కేంద్రం అరటికీ మిరపకూ ఇచ్చే శ్రద్ధలో కొంత కుండీ మొక్కలకూ ఇచ్చి, ఈ బోరు నీటితోనే రెండు వేసవులు పెంచి చూసి, నిలిచిన రకాల జాబితానూ, సంఘానికి పదేసి తల్లిమొక్కలనూ తొలకరికి ముందే అందజేయాలి.