కళ్లు నెత్తికెక్కిన చేప!

చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే పాత చుట్టాల్ని గుర్తుపట్టనివాళ్లని 'కళ్లు నెత్తికెక్కాయి' అంటుంటారు. బ్యారెల్‌ఐ చేపకి మాత్రం పాపం, కళ్లు నిజంగానే నెత్తిమీద ఉంటాయి. అదీ గాజుబుడ్డిలాంటి తల లోపల!

దీని శాస్త్రీయనామం మాక్రోపిన్నా మైక్రోస్టోమా. పొడవు మహా అయితే 15 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా ఉండదు. పసిఫిక్ సముద్రంలో 600 నుంచి 800 మీటర్ల లోతున తిరుగుతుంటుంది. ఫొటోలో మూతికి పైన బేలగా చూస్తున్నట్లుండే రెండు నల్లటి చుక్కల్ని చూసి అందరూ అవే కళ్లనుకుంటారు. కాదు, అవి ముక్కురంధ్రాలు. అసలు కళ్లు వాటి వెనక, పారదర్శకమైన తలలో ఆకుపచ్చగా మెరుస్తున్న రెండు గొట్టాలు.

అంత లోతుకి సూర్యకాంతి చేరేది నామమాత్రమే. పైన ఈదే జీవులు నీడల్లా కనిపిస్తాయంతే. గొట్టంలాంటి కళ్లు ఆ కాస్త వెలుతురునీ ఒడిసిపడతాయి. కొన్ని జీవులు తమ ఒంటినుంచే కాంతిని వెదజల్లుతూ ఆ నీడని దాచేసుకుంటాయి. కళ్లలోని ఆకుపచ్చరంగు ఆ దొంగవెలుగునీ పసిగట్టేస్తుందట.

ఈ చేప గురించి శాస్త్రవేత్తలకి 1939 నుంచీ తెలుసు. కానీ ఆ గాజుతల సంగతే చాలాకాలం తెలీదు. వలలో పడి పైకి వచ్చేసరికి సున్నితమైన ఆ పొర చిరిగిపోయేది. దాంతో పుస్తకాల్లో వేసిన బొమ్మల్లోనూ అది ఉండేది కాదు. కళ్లు కదలవనీ ఎప్పుడూ పైకే చూస్తాయనీ రాసేశారు. మరి నోరేమో ముందుకుంది. పైకి మాత్రమే చూసే చేప నోటిముందున్న తిండిని ఎలా అందుకుంటుంది?

చిక్కుముడి విప్పింది కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బ్రూస్ రాబిసన్, కిమ్ రీసెన్‌బిక్లర్. లోతుకి పంపిన రోబో కెమెరాలో వాళ్లు ఈ చేపని గాజుతలతో సహా చూశారు. ప్రాణాలతో పైకి తెచ్చిన ఒక చేప ఓడలోని తొట్టిలో కొన్ని గంటలు బతికింది. అది ఒళ్లు నిలువుగా తిప్పుకుంటుంటే లోపలి కళ్లు కూడా తిరగడం కనిపించింది. ఆ విషయాన్ని 2008లో ప్రచురించారు. కందిరీగల్లా కుట్టే సైఫనోఫోర్లనే జీవుల టెంటకిల్స్ మధ్యనుంచి ఇది తిండి దొంగిలిస్తుందనీ అప్పుడు కళ్లకి ఆ గాజుతలే హెల్మెట్ అనీ వాళ్ల ఊహ.

దీని చుట్టాలూ తక్కువవేం కాదు. డాలికాప్టెరిక్స్ లాంగిపెస్ అనే చేప కింద ఉన్నవాటిని చూడ్డానికి కంట్లో ఏకంగా అద్దమే ఉంటుంది. కటకానికి బదులు అద్దంతో బొమ్మని కూర్చుకునే వెన్నెముక జీవి మరొకటి అప్పటిదాకా తెలీదని 2009లో పరిశోధకులు తేల్చారు. ఇంకో బంధువుకి చెప్పు అడుగులా చదునైన పొట్ట!

ఇంతకీ వీటి దర్శనభాగ్యం అంత తేలిగ్గాదు. మాంటెరీ సంస్థ 2021 చివర్లో లెక్క చూసుకుంటే, 5,600కి పైగా డైవ్‌లలో 27,600 గంటలకు పైగా తీసిన వీడియోలో మాక్రోపిన్నా కనిపించింది తొమ్మిదే తొమ్మిదిసార్లు.