మంచు దారిలో సైకిలు

(ఇంటి మాట)

ప్రియమైన సహోదరీ,

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మీ అబ్బాయి ఫిన్లాండు దేశంలోని ఔలు పట్టణంలో చదువుకొంటున్నాడనీ, మొన్న వీడియో కాల్‌లో అతని కనుబొమల మీద తెల్లగా మంచు పేరుకొని కనబడిందనీ, ఏమిట్రా అది అని అడిగితే "కాలేజీకి సైకిలు మీద వచ్చానమ్మా, ఇవాళ మైనస్ పద్దెనిమిది" అని నవ్వాడనీ వ్రాశారు. ఆ రాత్రి మీకు నిద్ర పట్టలేదన్నారు. ఎలా పడుతుంది? వానాకాలంలో చెరువుగట్టు మీద సైకిలు జారి, మీ వారు తుంటి ఎముక విరిగి నాలుగు నెలలు మంచం పట్టిన ఇల్లు మీది. "ఇక సైకిలు ఎక్కనని వాడిచేత ఒట్టు వేయించుకోమంటారా?" అని నన్ను అడిగారు.

ఒట్టు సంగతి చివర చెబుతాను. పిల్లలు చలిదేశాలకు వెళ్లిన ఇళ్లు ఈనాడు మన పల్లెల్లోనూ ఉన్నాయి గనుక, అందరికీ పనికివస్తుందని ఈ జవాబు ఇక్కడే వ్రాస్తున్నాను.

మొదట ఆ ఊరి మాట. ఔలు ఫిన్లాండుకు ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న పట్టణం. జనాభా రెండు లక్షలు దాటింది. డిసెంబరు చివర అక్కడ పగలు మూడున్నర గంటలే. అయినా ఆ ఊళ్లో బడిపిల్లలు, ఉద్యోగులు, ముసలివారు కూడా చలికాలమంతా సైకిలు తొక్కుతారు. అక్కడ సైకిళ్లకూ నడిచేవారికీ కలిపి వేసిన దారులు 900 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. పెద్ద రోడ్లు అడ్డం వచ్చినచోట చాలావరకు ఈ దారి రోడ్డు కిందుగా వెళుతుంది. కార్లతో పని పడదు. మంచు కురిసిన తెల్లవారుజామున, జనం లేవకముందే బండ్లు బయలుదేరి ముఖ్యమైన దారులను చదును చేస్తాయి. చలికాలపు సైకిలు ప్రయాణం గురించి దేశదేశాలవారు కూడి మాట్లాడుకొనే మహాసభ మొట్టమొదట 2013లో జరిగింది ఆ ఊళ్లోనే. కాబట్టి మీ అబ్బాయి చేసేది వెర్రి సాహసం కాదు. ఊరంతా చేసే పనే అతడూ చేస్తున్నాడు. అయితే వాళ్లు చిన్ననాటి నుండి నేర్చుకొన్నది మనవాడు ఒక్క చలికాలంలో నేర్చుకోవాలి. చిక్కు అక్కడే ఉంది.

మన తెలుగులో గడ్డి మీద బిందువులూ మంచే, పొలాల మీద పొగా మంచే, హిమాలయాల మీద ఉన్నదీ మంచే. మనకు ఒక్క మాట చాలింది. సైకిలు తొక్కేవానికి మాత్రం ఆ ఒక్క మాటలో నాలుగు రకాల దారులున్నాయి.

అప్పుడే కురిసిన పొడి మంచు పిండిలాగా ఉంటుంది. రెండు మూడు అంగుళాల వరకు చక్రం దాన్ని చీల్చుకొని పోతుంది. ఇసుకలో తొక్కినట్టు బరువుగా ఉంటుంది గాని అంతగా జారదు. రెండవది బండ్లు అణగదొక్కిన మంచు. గట్టి చలిలో ఇది మన ఎండాకాలపు మట్టిబాటలాగా గరుకుగా, నమ్మకంగా ఉంటుంది. ఔలులో దారులను నేల కనబడేదాకా గోకరు. మంచును ఇలా చదునుగా అణచి, పైన సన్నని కంకర చల్లుతారు. మరీ చలిలో ఉప్పు చల్లినా కరగదు గనుక అక్కడ కంకరే మేలు.

మూడవది సగం కరిగిన మంచు. మన రేగడి బురదవంటిది. మడ్‌గార్డులో ఇరుక్కొంటుంది, చక్రాన్ని పక్కకు లాగుతుంది. అది రాత్రికి గడ్డకట్టిందంటే నిన్నటి టైర్ల గాడులన్నీ రాయిలా బిగుసుకొంటాయి. ముందు చక్రం ఆ గాడిలో పడితే హ్యాండిల్ మన మాట వినదు. నాలుగవది గాజులాంటి గడ్డ. దాని కింద రోడ్డు నల్లగా కనబడుతూనే ఉంటుంది. తడి రోడ్డేలే అనుకొంటాము. అన్నిటిలోనూ ప్రమాదమైనది ఇదే.

ఇక్కడ ఒక సంగతి మీకు వింతగా తోచవచ్చు. మైనస్ పద్దెనిమిది అనగానే మీ గుండె ఝల్లుమంది. జారే విషయంలో మాత్రం అది మంచి రోజు. గట్టి చలిలో మంచుగడ్డ పొడిగా ఉంటుంది, టైరుకు కొంత పట్టు దొరుకుతుంది. భయపడవలసినది వేడి సున్నా దగ్గర ఊగిసలాడే రోజులకు. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, ఉదయం దానిపై సన్నని నీటిపొర నిలుస్తుంది. పాచిపట్టిన చెరువుమెట్టు మీద నీళ్లు పోసినట్టే. నవంబరులో, మళ్లీ మార్చి, ఏప్రిల్‌లలో అలాంటి ఉదయాలు వస్తాయి. "ఇవాళ చలి తగ్గిందమ్మా" అని అతడు సంతోషంగా చెప్పిన రోజునే మీరు జాగ్రత్త చెప్పాలి.

ఇక సైకిలు సంగతి. వెళ్లిపోయే విద్యార్థి దగ్గర పాత సైకిలు కొన్నాడని వ్రాశారు. దానికి మంచు టైర్లు ఉన్నాయా అని అడగండి. రబ్బరు మీద వరుసగా చిన్నచిన్న గట్టి లోహపు మేకులు పొదిగిన టైర్లు ఉంటాయి. ఒక్కో టైరుకు వందకు పైగా, కొన్నింటికి రెండు మూడు వందలు కూడా. ఆ మేకులు గడ్డను గీరి పట్టుకొంటాయి. ఖరీదు ఎక్కువే. రెండూ కొనలేకపోతే ఒకటి కొని ముందు చక్రానికి వేయమనండి. వెనుక చక్రం జారితే కాలు ఆనించి నిలదొక్కుకోవచ్చు. ముందు చక్రం జారితే నేల మీద పడిన తరువాతే తెలుస్తుంది. కొత్త మేకుల టైర్లను మొదటి 40, 50 కిలోమీటర్లు నెమ్మదిగా తొక్కాలి. అప్పుడే మేకులు రబ్బరులో కుదురుకొంటాయి.

తొక్కే తీరు గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. పదమూడవ ఏట మిల్లు నుండి బియ్యపు మూట వెనుక కట్టుకొని తడిసిన కాలువగట్టు మీద వస్తున్నాను. ఎదురుగా గేదె వచ్చింది. గాభరాపడి ముందు బ్రేకు పట్టేశాను. నేనూ మూటా కాలువలో ఉన్నాము. నాన్నగారు నన్ను కొట్టలేదు. "గట్టు జారుతుందని నీకు తెలుసు కదరా. గేదె కనబడకముందే నెమ్మదించాలి" అన్నారు. మంచు దారిలోనూ ఉన్న సూత్రం ఇదే. బ్రేకు వేయడం, వేగం తగ్గించడం, మలుపుకు సిద్ధపడడం, అన్నీ గడ్డ మీదికి రాకముందే జరిగిపోవాలి. గడ్డ మీదికి వచ్చాక ఏదీ హఠాత్తుగా చేయకూడదు. హ్యాండిల్ తిన్నగా పట్టుకొని, తొక్కడం ఆపి, సైకిలును దాని మానాన దొర్లనివ్వాలి. మలుపులో ఒరగకూడదు. బ్రేకు తప్పదనుకొంటే వెనుకది మాత్రమే, మెల్లగా. సీటు ఒక అంగుళం కిందికి దించుకొంటే పాదం చప్పున నేలకు అందుతుంది. వంతెనల మీద మరీ జాగ్రత్త. కిందనుండీ చలిగాలి తగులుతుంది గనుక దారికంటే ముందు అవే గడ్డకడతాయి.

అక్కడి పాతరకం సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంటుంది. గడ్డకట్టడానికి దానికి తీగలు లేవు. మన అబ్బాయి సైకిలుకు తీగల బ్రేకులుంటే, బయలుదేరే ముందు రెండూ ఒకసారి నొక్కి చూసుకోవాలి. తీగ గొట్టంలోకి నీరు దిగి గడ్డకట్టితే బ్రేకు పడదు. సైకిలును వెచ్చని గదిలోకి తెచ్చి మళ్లీ బయటకు తీస్తే ఇదే జరుగుతుంది. మంచు కరిగి సందుల్లోకి దిగి తిరిగి బిగుసుకొంటుంది. పైకప్పు ఉన్నచోట చలిలోనే ఉంచడం మంచిది. తాళం బిగుసుకొంటే వేడినీళ్లు పోయవద్దు, ఆ నీళ్లే కాసేపటికి గడ్డకడతాయి. తాళాలకు వేసే మందు అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. చెయినుకు నూనె మరువకూడదు. ఇక దీపాలు. ముందు తెల్లనిది, వెనుక ఎర్రనిది, చీకట్లో రెండూ ఉండాలని 2020 జూన్ నుండి ఆ దేశపు చట్టం. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది గనుక తొక్కనప్పుడు దీపాలు విప్పి లోపలి జేబులో పెట్టుకోవాలి.

బట్టల విషయంలో తల్లులందరూ "ఇంకొకటి వేసుకో" అంటారు. ఇక్కడ మాత్రం ఆ మాట కొంచెం తగ్గించండి. తొక్కేటప్పుడు ఒళ్లు వేడెక్కుతుంది. ఎక్కువ తొడిగితే చెమట పట్టి, ఆగిన వెంటనే ఆ తడే వణికిస్తుంది. బయలుదేరినప్పుడు కాస్త చలి వేస్తే సరిగ్గా తొడుక్కొన్నట్టే. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకుండా ఉన్నిదైతే మంచిది, నూలు చెమటను పట్టి ఉంచుతుంది. చేతులకు వేళ్లు విడివిడిగా ఉన్న తొడుగులకంటే నాలుగు వేళ్లూ కలిసి ఉండేవి వెచ్చన. బూట్లు బిగుతుగా ఉండకూడదు. నెత్తికి హెల్మెట్, దాని కింద చెవులు కప్పే పలుచని టోపీ. ముక్కు, చెవి, వేలి కొనలు తెల్లబడి మొద్దుబారితే వెంటనే లోపలికి వెళ్లి అరచేతితో కప్పి వెచ్చచేయాలి. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. నిప్పు దగ్గర పెట్టకూడదు. స్పర్శ తిరిగి రాకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు ఒట్టు సంగతి. వేయించుకోవద్దమ్మా. బస్సు ఖర్చు మిగుల్చుకొని మీ అప్పు భారం తగ్గించాలని తొక్కుతున్నాడని మీరే వ్రాశారు. ఒట్టు వేయిస్తే రెండే జరుగుతాయి. నిలబెట్టుకొని ఆ డబ్బు కోసం తిండి తగ్గించుకొంటాడు. లేదా తప్పి, మీతో చెప్పడం మానేస్తాడు. పడిన రోజున ముందుగా చెప్పవలసిన మనిషికే చెప్పలేని స్థితి వానికి తెచ్చిపెట్టకండి.

ఒట్టుకు బదులు ఆదివారం ఫోనులో ఈ అయిదు ప్రశ్నలు అడగండి. ముందు చక్రానికి మేకుల టైరు వేశావా? దీపాలు రెండూ వెలుగుతున్నాయా? బ్రేకులు పొద్దున నొక్కి చూశావా? ఈ వారం ఎక్కడైనా జారావా, ఎందుకు జారావు? దారి గాజులా ఉన్న రోజున దిగి నడిపించుకొని వెళ్లావా?

చివరి ప్రశ్నను వదలకండి. పడుచువానికి సైకిలు దిగి నడవడం చిన్నతనంగా ఉంటుంది. పక్కన డెబ్బై ఏళ్ల ముసలమ్మ తొక్కుకొంటూ పోతుంటే మరీను. ఆమెకు డెబ్బై చలికాలాల అనుభవం ఉంది, మనవానికి ఇది మొదటిది. అలాంటి రోజున బస్సెక్కితే ఆ టిక్కెట్టు ఖర్చు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరని మీరే ముందుగా చెప్పండి. ఆ మాట మీ వారి నోట వస్తే ఇంకా మంచిది. జారడమంటే ఏమిటో మీ ఇంట్లో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తండ్రీ కొడుకులు ఆ సంగతి ఒకసారి మాట్లాడుకోనివ్వండి.

అబ్బాయి ఏమన్నాడో మళ్లీ వ్రాయండి. ఎదురుచూస్తుంటాను.