అంగన్‌వాడీలో ఒక చేట గుండీలు

శ్రీ సత్యసాయి జిల్లా మహిళా, శిశు సంక్షేమ అధికారులకు,

హిందూపురం మార్కెట్‌లో చింతపండు కరిపులి వేరు, ఫ్లవర్ వేరు. పట్టుగూళ్లలో తెల్లని బైవోల్టిన్ ఒకవైపు, పసుపుపచ్చని సంకరజాతి (సీబీ) మరోవైపు. ధర్మవరం మగ్గం దగ్గర ఏ రంగు కండె ఆ రంగుదే. పెద్దలు రోజంతా ఏరి విడదీసే ఈ సీమలో, పిల్లలకు మాత్రం చాలాచోట్ల బొమ్మల చుట్టూ సున్నా చుట్టే పనే!

మూడేళ్ల బిడ్డ ఎర్ర గుండీ పక్కన ఎర్ర గుండీ పెడుతుంది. తర్వాత రంగుల వారీగా కుప్పలు పోస్తుంది. ఐదేళ్లు వచ్చేసరికి ఆ కుప్పలు చెరిపి, రెండు రంధ్రాలవి, నాలుగు రంధ్రాలవి అని మళ్లీ పోయగలదు. అసలు చదువు అక్కడుంది.

మనస్తత్వవేత్త పియాజే రెండు రంగుల చెక్కపూసలు చూపించి పిల్లల్ని అడిగేవాడు: గోధుమరంగువి ఎక్కువా, చెక్కవి ఎక్కువా? అన్నీ చెక్కవే అయినా, చిన్నపిల్లలు గోధుమరంగువే అనేవారు. అది వయసు లక్షణం, గద్దిస్తే పోదు.

2024 నాటి ‘ఆధారశిల’ పాఠ్యప్రణాళిక మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటతోనే చదువు చెప్పమంటోంది. కొత్త కిట్లు రానక్కర్లేదు. ధర్మవరం గుడ్డపీలికలు, పెనుకొండ గులకరాళ్లు, హిందూపురం చింతగింజలు చాలు. నోట్లో పెట్టుకోకుండా టీచరమ్మ కనిపెట్టుకుని ఉండాలి, అంతే. తనిఖీకి వెళ్లే సూపర్‌వైజర్లు రిజిస్టర్లతో పాటు ఒక కుప్ప కూడా చూడాలి; “ఇది ఇక్కడెందుకు పెట్టావు?” అని బిడ్డనే అడిగి, ఆ జవాబు రాసుకోవాలి.