పూతలపట్టు పంచాయతి: ఇంటి అనుమతులును నీటి గొట్టములును

చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు నేడు కేవల గ్రామము కాదు, పట్టణమును గాదు. కర్నూలు నుండి కడప, రాయచోటి, పీలేరు మీదుగా చిత్తూరునకు బోవు 40వ జాతీయ రహదారియు, తిరుపతి దిక్కునుండి వచ్చు 140వ జాతీయ రహదారియు ఇచట కలియుచున్నవి. పాకాల నుండి కాట్పాడికి బోవు రైలు మార్గమున దీనికొక స్టేషను గలదు. కాణిపాకమునకు బోవు యాత్రికుల బండ్లు ఈ చుట్టుప్రక్కలనే తిరుగుచుండును. ఇది మండల కేంద్రము; 2008 నాటి పునర్విభజన వలన శాసనసభా నియోజకవర్గమునకును పేరైనది. ఇన్ని దారులు కూడినచోట భూమి వెల పెరుగకుండుట ఎట్లు? నిన్నటి వఱకు చెఱకునకును వేరుసెనగకును ఎకరములలో కొలిచిన చేనిని నేడు అంకణములలో కొలుచుచున్నారు. అయినను పాలించుటకున్నది గ్రామ పంచాయతి మాత్రమే. పట్టణపు భారము గ్రామపు భుజముపై బడినది. ఇట్టి యూళ్లు రాయలసీమలో నింకను పెక్కు గలవు గాన ఇచటి సమస్యను కొంత విపులముగ విచారించుట యుచితము.

ఇట్టి పంచాయతుల సమావేశములలో రెండు విషయములు ఎడతెగక వచ్చుచుండును. ఒకటి ఇండ్లు కట్టుటకు అనుమతి. రెండవది నీటి గొట్టముల మరమ్మతు. మొదటిదానిని ఆదాయపు పద్దుగను, రెండవదానిని వ్యయపు పద్దుగను చూచుట వాడుకయైనది. అనుమతి కాగితము వ్రాయునపుడు గొట్టము తలపునకు రాదు. గొట్టము పగిలినపుడు అనుమతి తలపునకు రాదు. ఈ రెండును ఒక్క విషయమేయని గుర్తింపనంత కాలము ఊరి దాహము తీరదని మా యభిప్రాయము.

గ్రామ పంచాయతుల పరిధిలోని లేఅవుట్లకును కట్టడములకును 2002 నాటి నియమములు గలవు. ఒక పరిమితికి లోబడిన యిండ్లకు పంచాయతియే అనుమతి నొసగును. అంతకు మించిన కట్టడములకును, చేలను స్థలములుగ విభజించుటకును నగర, గ్రామ ప్రణాళికా శాఖవారి సాంకేతికామోదము వలయును. లేఅవుటు వేయువాడు పదియవ వంతు నేలను ఖాళీగ నుంచి పంచాయతికి వ్రాసి యీయవలెను. కాగితముపై ఇంతకన్న మేలైన యేర్పాటు కోరనక్కరలేదు. ఆచరణమున జరుగునదేమి? పునాది తీసిన పిదప ప్లాను గీయింతురు. ఒక యంతస్తునకు అనుమతి పొంది రెండవది లేపుదురు. ఆమోదము లేని లేఅవుటులో స్థలము కొన్నవాడు, కొన్నది తానే గదాయని, వీధిలోని పాత గొట్టమునకు రంధ్రము చేసి ముప్పాతిక అంగుళపు గొట్టమును తగిలించును. కొన్ని యేండ్లకొకసారి ప్రభుత్వమువారు క్రమబద్ధీకరణ యను పేర రుసుము గైకొని వీనినెల్ల క్షమింతురు. తప్పు చేయుటకన్న నియమము పాటించుట యెక్కువ ఖర్చైనచోట నియమమును పాటించువాడెవ్వడు?

ఈ పాత గొట్టము ఎవరి కొఱకు వేసినదో తలచుకొనవలెను. రెండు వందల యిండ్లకని వేసిన వరుసపై నాలుగు వందల యిండ్లు వ్రేలాడినచో ట్యాంకునకు దగ్గఱనున్న వీధికి నీరు వచ్చును; కొసనున్న వీధికి గాలి వచ్చును. మన యూళ్లలో కొసనుండు వీధి తఱచుగా దళితవాడయే. పైగా ముందు వీధులలోని కొందఱు గృహస్థులు కొళాయికి నేరుగ విద్యుత్తు మోటారు బిగించి లాగుచున్నారు. ఇది దొంగతనమే గాక అపాయకరమును. గొట్టములో నొత్తిడి తగ్గినపుడు పగుళ్లగుండ వెలుపలి మురుగు లోనికి జొచ్చును. మోటారు పెట్టినవాని బిందెలోనికే ఆ మురుగు ముందుగ వచ్చునను మాట వారికెవరైన చెప్పవలసియున్నది. ఈ పత్రికను చదువు గృహస్థులలోను అట్టి మోటారు గలవారు లేకపోలేదు.

మన పూర్వులు ఈ విషయమున మనకంటె బుద్ధిమంతులు. చెఱువు త్రవ్వించుట పుణ్యమని యెంచినంతగా దానిని కాపాడుట విధియని యెంచిరి. కడప, అనంతపురము మండలములందును, నేటి చిత్తూరు జిల్లాలో చాలభాగము చేరియుండిన పూర్వపు ఉత్తరార్కాటు మండలమునందును దశబంధమను ఇనాము వాడుకలో నుండెడిది. చెఱువును కట్టించి మరమ్మతు చేయుచుండువానికి దానిక్రింది భూమిలో కొంత యినాముగ విడిచెడివారు. కట్ట తెగనిచ్చినచో ఇనాము నిలువదు. తూము తీయుటకు, వంతుల ప్రకారము నీరు పారించుటకు నీరుగంటి యుండెడివాడు. పంటలో నతనికి మేర గలదు. కాలువల పూడిక తీయుటకు ఆయకట్టు రైతులెల్లరు కదలెడివారు; దానినే చెన్నపట్టణపు ప్రభుత్వమువారు కుడిమరామత్తని వ్యవహరించి, 1858లో దానికై యొక చట్టమునే చేసిరి. ఆ యేర్పాటులో అన్యాయములు లేవని మేము చెప్పబోము. పారపట్టినవాడొకడు, పంట తిన్నవాడొకడుగ నుండుట యెఱిగినదే. కాని యొక్క సంగతి మాత్రము స్పష్టము. కట్టించు వేళనే కాపాడుటకు వలసిన ధనమును, మనిషిని ఏర్పఱచి మఱి కట్టించిరి.

నేటి కొళాయికి దశబంధమేది? నీరుగంటి యెవడు? 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన పథకము ప్రతి గ్రామీణ గృహమునకు కొళాయి నిచ్చి, మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు సమకూర్పవలెనని సంకల్పించినది. ఇది ఘనమైన సంకల్పము. కేంద్రమును రాష్ట్రమును వ్యయమును పంచుకొనును. ఊరిలోని పనుల మూలధనములో సామాన్యముగ పదియవ వంతు గ్రామస్థులు భరింపవలెను. పిదప నిర్వహణము పంచాయతిది. 2024 నాటికి ముగియవలసిన పథకమును 2028 వఱకు పొడిగించుచు 2025 ఫిబ్రవరి బడ్జెటు ప్రసంగమున కేంద్ర ఆర్థిక మంత్రి, ఇకపై పనుల నాణ్యతపైనను నిర్వహణముపైనను దృష్టి నిలుపుదుమనిరి. అనగా గొట్టములు వేయుట సులభము, వానిని నిలుపుట కష్టమని ఢిల్లీలోనివారును గ్రహించిరన్నమాట.

లెక్క వేసి చూతము. వేయి యిండ్లు, ఇంటికి ఐదుగురు గల ఊరికి మనిషికి 55 లీటర్ల చొప్పున దినమునకు 2,75,000 లీటర్లు కావలెను. ట్యాంకు నుండి వెడలిన నీటిలో ఐదవ వంతు దారిలో కారిపోయినదనుకొన్నచో 55,000 లీటర్లు మట్టిపాలు. అది సరిగా వేయిమందికి ఒక దినపు నీరు. ఆ నీటిని బోరు నుండి పైకెత్తిన విద్యుత్తునకు వెల చెల్లింపవలసినది పంచాయతియే. అది నేలమీది చెఱువు నీరు కాదు. ఈ సీమలో రాతి పగుళ్లలో దాగిన నీటికై వందల యడుగులు బోరు దింపవలసియున్నది. వేయి యడుగులు దింపియు పొడి దుమ్మునే చూచిన రైతు లున్నారు.

ఇచటనే ఇంటి యనుమతికిని నీటికిని గల సంబంధము బయలుపడును. క్రొత్త యిల్లు కట్టువాడు మొదట చేయు పని బోరు వేయుట. 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము ప్రకారము ప్రజల త్రాగునీటి ఆధారమునకు 250 మీటర్ల లోపల అనుమతి లేక బావి గాని బోరు గాని వేయరాదు. వాననీటి నింకించు గుంట లుండవలెనని సయితము ఆ చట్టము విధించుచున్నది. ఇంటి ప్లాను పంచాయతికి వచ్చినపుడు ఆ స్థలము ఊరి బోరునకు ఎంత దూరమున నున్నదో కొలిచి చూచు పంచాయతులెన్ని? గుంట త్రవ్వనిదే అనుమతి నీయని పంచాయతులెన్ని? ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఏటేట సుమారు 900 మిల్లీమీటర్ల వాన కురియును. నూరు చదరపు మీటర్ల మిద్దెపై అది 90,000 లీటర్లు. అందులో సగమింకినను చాలునని మా తలంపు. ఆ నీటిని వీధిలోనికి వదలి, వేసవిలో ట్యాంకరునకు డబ్బు చెల్లించుచున్నాము.

వీధిలోనికి వదలిన నీరు ఊరకుండదు. 2021 నవంబరులో కురిసిన వానలకు తిరుపతి వీధులు వాగులైనవి. సమీపమున రాయలచెఱువు కట్టకు గండి పడునేమోయని దిగువ గ్రామముల ప్రజలను తరలింపవలసివచ్చినది. చెఱువుల వంకలలోను మొరవ కాలువలలోను కట్టడములకు చోటిచ్చినచో ఒక యేడు దాహము, వేఱొక యేడు వఱద తప్పవు. వంకను పూడ్చి వేసిన స్థలమునకు అనుమతి నిచ్చు సంతకము ఎంత చిన్నదో, దాని ఫలమంత పెద్దది.

ఇక పంచాయతిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. దాని చేతులు కట్టినవారు పైనున్నారు. రాజ్యాంగపు 73వ సవరణము 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చి, ఐదేండ్లు ముగియకమునుపే పంచాయతి ఎన్నికలు జరుపవలెనని శాసించినది. ఆంధ్ర రాష్ట్రమున 2013లో ఎన్నికైన పంచాయతుల గడువు 2018 ఆగస్టు మొదట ముగిసెను. మరల ఎన్నికలు జరిగినది 2021 ఫిబ్రవరిలో. నడుమ రెండున్నర యేండ్లు ప్రత్యేకాధికారుల పాలన. కొళాయి రాలేదని ప్రశ్నించుటకు ఓటరునకు ఒక్క వార్డు సభ్యుడైనను లేని కాలమది. ఎన్నికైన మరుసటి మాసమే, అనగా 2021 మార్చిలో, సర్పంచుల యధికారములు కొన్ని గ్రామ రెవెన్యూ అధికారులకు బదలాయించుచు ఉత్తరువు వెడలినది. ఆ జులైలో ఉన్నత న్యాయస్థానము దానిని నిలిపివేసెను. ఆర్థిక సంఘపు గ్రాంటుల నుండి విద్యుత్తు బకాయిలు మినహాయించుకొనిరని సర్పంచులు రాష్ట్రమంతట మొఱపెట్టిరి. బకాయి యున్నమాట నిజమే. కాని పదునైదవ ఆర్థిక సంఘమువారు తమ గ్రాంటులో అరువది పాళ్లు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును ప్రత్యేకించినది, గొట్టములును కాలువలును బాగుచేయుటకు గదా! పంచాయతి తీర్మానమడుగక పైవారే ఖాతానుండి తీసికొన్నచో, స్థానిక స్వపరిపాలనమను మాటకు అర్థమేమి?

ఈ చిక్కులను జూచి, ఊరిని నగర పంచాయతిగ మార్చినచో సమస్య తీరునని తలంచువారు కలరు. ఆంధ్రులు మఱవరాని యుదాహరణమొకటి గలదు. చీరాల, పేరాలలు యూనియనుగ నున్నపుడు ఏటికి సుమారు నాలుగువేల రూపాయల పన్ను చెల్లించుచుండెను. వానిని మునిసిపాలిటీగ మార్చినంతట అది నలుబదివేలకు పెరిగెను. ప్రజలు వలదన్నను ప్రభుత్వము వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో ఊరివారు ఇండ్లు విడిచి వెలుపల రామనగరమను పాకలలో సుమారు పదునొకండు మాసములు కాపురముండిరి. ఆ పోరాటము మునిసిపాలిటీ యను పేరుతో కాదు. అడుగక వేసిన భారముతో. పేరు మారినంత మాత్రమున గొట్టము వెడల్పు కాదు. పన్ను పెంచువారు ముందుగ లెక్క చూపవలెను.

లెక్క చూపినచో పన్ను చెల్లించుటకు భూస్వాములు, వర్తకులు వెనుదీయరాదు. మామిడి తోటకు బిందు సేద్యపు గొట్టము మార్చుకొనుటకు వేలు వెచ్చించువాడు ఊరి కొళాయి రుసుమునకు మూడేండ్లు బకాయిపడుట మేమెఱుగుదుము. ఉచితముగ వచ్చు నీరు కొస వీధికి రాని నీరే.

పెద్ద పథకముల యాసలో చిన్న మరమ్మతులు నిలిచిపోవుట ఈ జిల్లా ప్రజలకు అనుభవమే. సమైక్య రాష్ట్రపు కడపటి దినములలో కండలేరు జలములను జిల్లాకంతటికి త్రాగునీరుగ తెచ్చుటకు ఏడువేల కోట్లకు మించిన పథకము తలపెట్టబడి, 2014లో ప్రభుత్వము మారగనే ప్రక్కన బెట్టబడెను. 2025 ఆగస్టులో కృష్ణా జలములు హంద్రీ-నీవా కాలువ ద్వారా కుప్పము చేరినవి, సంతోషము. కాని కృష్ణమ్మ వచ్చినను, రాకున్నను, పూతలపట్టు వీధిలో పగిలిన గొట్టమును అతుకవలసినది పూతలపట్టువారే. ఒడిసా రాష్ట్రమున పూరీ పట్టణము 2021లో ఇరువదినాలుగు గంటలు కొళాయి నుండి నేరుగ త్రాగదగిన నీరిచ్చుట సాధించినది. అది యాత్రాస్థలము, జనసమ్మర్దమున తిరుపతికి తీసిపోదు. అచట సాధ్యమైనది ఇచట అసాధ్యమని యెవరందురు?

రాబోవు వేసవికి లోగా పంచాయతి చేయదగిన పని గలదు. దానికి కోట్లక్కరలేదు. ఊరి గొట్టముల పటము, వాల్వులు ఎచటెచట నున్నవో గుర్తించి, పంచాయతి గోడపై వేయింపవలెను. నేడు ఆ పటము చాల యూళ్లలో నీళ్లు వదలు మనిషి తలలో మాత్రమే యున్నది, అతడు మంచము పట్టిననాడు ఊరికి నీరుండదు. ట్యాంకు నుండి వెడలు గొట్టమునకు మీటరు పెట్టి ఎత్తిన నీటిని, చేరిన నీటిని గ్రామసభలో చదివి వినిపింపవలెను. ప్రతి మాసము ఇచ్చిన ఇంటి యనుమతుల పట్టికను, ప్రతి స్థలమునకు ప్రక్కన ఏ గొట్టము నుండి నీరిచ్చుటకు వీలున్నదో వ్రాసి, ఆ గోడపైనే అంటింపవలెను. కొస వీధిలో బిందె నిండుటకు పట్టు నిమిషములను వార్డు సభ్యుడు స్వయముగ నిలిచి లెక్కించి, ఆ యంకెను తీర్మానపు పుస్తకమున నెక్కింపవలెను. ఆ వీధిలో బిందె నిండువఱకు ముందు వీధిలో క్రొత్త కొళాయికి అనుమతి నీయరాదు.