చూరుకి అద్దె

ఆర్థిక మాంద్యం ముదిరినప్పుడల్లా ఒక హితవచనం తప్పక వినవస్తుంది: “ఉద్యోగాలు ఎలాగూ లేవు, ఈ మూడేళ్ళూ లా చదువుకో. బయటికొచ్చేసరికి వాన వెలుస్తుంది.” 2009 ఆరంభంలో, అమెరికాలో నా కొలువు ఊగిసలాడుతున్న రోజుల్లో, నాకూ ఇదే చెప్పారు. ఎల్‌శాట్ పుస్తకం కొన్నాను, సగం చిక్కుముళ్ళు విప్పాను కూడా. కొలువు నిలిచింది, పుస్తకం అటకెక్కింది. లా చదవాలన్న కోరిక మాత్రం నేటికీ పోలేదు. అందుకే ఆ హితవచనం మీద నాకింత కోపం.

నాటి అమెరికా అంతటా అదే మాట. 2009-10లో ఎల్‌శాట్ 1,71,514 మార్లు జరిగింది. 2010లో లా మొదటి సంవత్సరంలో చేరినవారు 52,488 మంది. రెండూ అప్పటికి రికార్డులే. ఇందరు చూరు కిందికి పరుగెడుతున్న వేళ, ఇంటి లోపలివారినే బయటికి గెంటుతున్నారన్న సంగతి ఎవరూ చెప్పలేదు. 2009 ఫిబ్రవరిలో లాథమ్ అండ్ వాట్కిన్స్ అనే ఒక్క సంస్థ 190 మంది యువ న్యాయవాదులకూ, 250 మంది ఇతర సిబ్బందికీ ఉద్వాసన పలికింది. బ్యాంకులు కుంటుపడితే వాటి వకీళ్ళు మాత్రం కళకళలాడుతారా?

2011లో పట్టా పొందినవారిలో, తొమ్మిది నెలల తరువాత న్యాయవాద అర్హత అవసరమైన స్థిరమైన పూర్తికాలపు ఉద్యోగాల్లో ఉన్నది సుమారు 55 శాతం. కళాశాలల కరపత్రాల్లో మాత్రం అంతకాలమూ వేరే లెక్క. కాఫీ కొట్లో కప్పులు కడిగినా ఉద్యోగస్థుడే! కొందరు పట్టభద్రులు దీనిపై దావాలు వేశారు. 2012లో న్యూయార్క్ న్యాయస్థానం ఒకటి అట్టి దావాను కొట్టివేస్తూ, డిగ్రీ చదివినవారు అంకెలను జల్లెడ పట్టుకోగల సమర్థులే అన్నది. న్యాయశాస్త్ర విద్యార్థికి ఇంతకన్న మంచి తొలిపాఠం ఏముంటుంది? ఆ గొడవల పుణ్యమా అని లెక్కలు విడివిడిగా ప్రకటించడం మొదలైంది, అంతవరకు సంతోషం.

అసలు దుర్మార్గం అప్పులో ఉంది. 2006 నుంచి ఫెడరల్ ప్రభుత్వం ఫీజుకే కాక తిండికీ, అద్దెకూ సరిపడేంత రుణం ఇవ్వసాగింది. రుణం పెరిగింది, దాని వెన్నంటి ఫీజూ పెరిగింది. ఆరువందల బిలియన్ డాలర్లకు పైబడిన బాకీతో లీమన్ బ్రదర్స్ 2008 సెప్టెంబరు 15న దివాలా కోర్టు తలుపు తట్టగలిగింది. క్రెడిట్ కార్డు బాకీలకూ ఆ తలుపు సాధారణంగా తెరుచుకొంటుంది. విద్యార్థికి మాత్రం మూసేశారు, ప్రభుత్వ రుణాలకు 1998లో, ప్రైవేటు రుణాలకు 2005లో. భరింపరాని ఇక్కట్లలో ఉన్నానని న్యాయమూర్తిని ఒప్పిస్తేనే విముక్తి. మనవైపు చెట్టు కింద ప్లీడరని వేళాకోళం చేస్తాం గానీ, పాపం ఆయన చెట్టుకి అద్దె కట్టనక్కరలేదు.

ఏ చదువైనా పందెమే కదా అంటారు. కావచ్చు. కానీ పందెమన్నాక ఇరువైపులా డబ్బు ఒడ్డాలి. ఇక్కడ కళాశాల తన సొమ్ము ముందే పుచ్చుకొని గట్టు మీద కూర్చొంటుంది. ఓడితే విద్యార్థి ఒక్కడే ఓడుతాడు. అప్పు తీరకపోతే అందులో కొంత భాగం కళాశాలే భరించాలన్న నియమం పెట్టి చూడండి, మాంద్యంలో ఎన్ని సీట్లు మాయమవుతాయో! 2025లో చేసిన చట్టం 2026 జూలై 1 నుంచి కొత్తవారికి ఆ అపరిమిత రుణాన్ని నిలిపివేసి, న్యాయవిద్యకు ఏడాదికి 50,000, మొత్తానికి 2,00,000 డాలర్ల హద్దు గీసింది. రుణానికే గీసింది, ఫీజుకి కాదు. మిగిలిన ఖాళీని ప్రైవేటు బ్యాంకు పూరిస్తుందన్నమాట.

2025 ప్రవేశాలకు దరఖాస్తుదారులు మళ్ళీ పెరిగారు. నేనూ అటకెక్కిన పుస్తకాన్ని దింపాను. దరఖాస్తు పెట్టబోయే ముందు కొన్ని కళాశాలలకు ఒకే ప్రశ్న రాశాను: “మీ పట్టభద్రుడు అప్పు తీర్చలేకపోతే అందులో మీ వాటా ఎంత?” ఒక్కచోటు నుంచి జవాబు వచ్చింది. నున్నని కాగితం మీద అచ్చువేసిన, బహు అందమైన కరపత్రం.